డాడ్జర్‌టౌన్ బంతి, నాన్న రాసిన స్కోరు: ఎలా దాచుకోవాలి?

మెల్‌బోర్న్_బాబాయ్:
మాది ఫ్లోరిడా. వైటూకే (2000 సంవత్సరం కంప్యూటర్ల గొడవ) పుణ్యమా అని 1999లో వచ్చి ఇక్కడే ఉండిపోయిన బ్యాచ్. మొన్న గరాజ్ సర్దుతుంటే ఒక చెప్పుల డబ్బా దొరికింది. 2001 మార్చిలో నాన్నను వీరో బీచ్ తీసుకెళ్ళినప్పటి సామాను అందులో ఉంది. లాస్ ఏంజెలెస్ బేస్‌బాల్ జట్టు డాడ్జర్స్ 1948 నుంచి 2008 దాకా స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్‌కి ముందు ప్రాక్టీసు, సన్నాహక మ్యాచ్‌లు) చేసింది అక్కడే, డాడ్జర్‌టౌన్ అనే క్యాంపులో. వీధి దీపాలు కూడా బేస్‌బాల్ బంతుల్లా ఉండేవి. ఆటగాళ్ళు కూర్చునే డగౌట్‌కి కప్పు లేదు. "ఇంతింత జీతాలిచ్చి వీళ్ళను ఎండలో కూర్చోబెట్టారేంట్రా" అని నాన్న ఒకటే బాధ.

నాన్న తెనాలిలో లెక్కల మాస్టారు, ఆదివారాలు క్రికెట్ స్కోరర్. చేతులు ఊరుకుంటాయా? ప్రోగ్రాం (ఆటగాళ్ళ పేర్లు, స్కోరు గళ్ళు ఉండే మ్యాచ్ పుస్తకం) కొనగానే పెన్ను తీశారు. మధ్య పేజీలో ఉన్న గళ్ళన్నీ క్రికెట్ లెక్కన చుక్కలు, డబ్ల్యూలతో నింపేశారు. మూడు స్ట్రయిక్‌లు (కొట్టలేకపోయిన బంతులు) పడి ఔటై వెళ్ళినవాడి పక్కన "బౌల్డ్ లాంటిది" అని తెలుగులో రాశారు. తొమ్మిదిలో ఆరో ఇన్నింగ్స్‌కి పేరున్నవాళ్ళంతా బ్యాగులు సర్దుకుని వెళ్ళిపోయారు, ప్రోగ్రాంలో లేని నంబర్లతో కుర్రాళ్ళు దిగారు. అక్కడ నాన్న రాత: "87. ఎవరో పిల్లాడు. బాగా పరిగెత్తాడు. పేరు కనుక్కోవాలి."

బంతి, ప్రాక్టీస్ దగ్గర ఒక కోచ్ విసిరింది. దానిమీద కంచె దగ్గర ముగ్గురు సంతకాలు పెట్టారు, అవి దాదాపు చెరిగిపోయాయి. అవి కాక ఇంకొక్క సంతకం మాత్రం నిన్న పెట్టినట్టుంది, 'ఎల్'తో మొదలవుతుంది. ఎవరిదై ఉంటుంది? మిగతావాటి మీద పెన్నుతో దిద్దొచ్చా? ప్రోగ్రాం లామినేట్ చేయిద్దామనుకుంటున్నా. పాత బేస్‌బాల్ వస్తువులు అమ్మే ఒక షోలో చూపిస్తే అక్కడి వ్యాపారి "రాసి పాడుచేశారు, రెండు డాలర్లు" అన్నాడు. అమ్మడానికి కాదులెండి, నాన్న పోయి నాలుగేళ్ళు. కానీ ఆ మాట గుచ్చుకుంది.

కాక్టస్_పిన్ని:
లామినేషన్ వద్దు బాబూ, దండం పెడతాను! ఆ వేడికి, జిగురుకి కాగితం అతుక్కుపోతుంది, మళ్ళీ ఊడదు. పాలియెస్టర్ కవర్లో యాసిడ్ లేని అట్ట వేసి పెట్టండి. ముందు ఆ గరాజ్‌లోంచి తీయండి, మీ ఫ్లోరిడా తేమకి పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. సంతకాల మీద దిద్దితే అవి మీ సంతకాలవుతాయి. బంతిని వెలుతురు తగలని అల్మారాలో పెట్టండి, షోకేసులో కాదు.

ఆ 'ఎల్' సంగతి... పక్కన నేషనల్ లీగ్ (పెద్ద బేస్‌బాల్‌లోని రెండు లీగుల్లో ఒకటి, డాడ్జర్స్ ఉన్నది) అని అచ్చు ఉందేమో చూడండి. ఉంటే అది లెనార్డ్ కోల్‌మన్, అప్పట్లో లీగ్ ప్రెసిడెంట్. ఆయన సంతకం ఫ్యాక్టరీలోనే ముద్ర పడేది, అందుకే చెరగలేదు. 2000 నుంచి రెండు లీగులకీ పైన ఉండే కమిషనర్ బడ్ సీలిగ్ పేరు వచ్చింది కాబట్టి మీది పాత స్టాకు బంతి, ప్రాక్టీస్‌కి వాడుకుని ఉంటారు.

మీ డాడ్జర్స్ స్ప్రింగ్ ట్రైనింగ్‌కి 2009లో మా అరిజోనా గ్లెండేల్‌కి వచ్చేశారు. ఇప్పుడు టికెట్లన్నీ ఫోన్లోనే, మా వాడికి దాచుకోవడానికి చింపిన ముక్క కూడా లేదు.

స్కోర్‌బోర్డ్_సూరి:
అన్నా, బంతి సంగతి వదిలెయ్, ఆ 87 సంగతి చూడు. మైనర్ లీగ్ (కింది స్థాయి జట్ల) క్యాంప్ నుంచి ఒక్కరోజుకి తెచ్చిన కుర్రాళ్ళ పేర్లు ప్రోగ్రాంలో ఉండవు. కానీ మర్నాటి పేపర్లో బాక్స్ స్కోర్ (మ్యాచ్ స్కోరు పట్టిక) వేసేవాళ్ళు, అందులో ఆడిన ప్రతివాడి ఇంటిపేరు ఉంటుంది. తేదీ తెలిస్తే లైబ్రరీలో మైక్రోఫిల్మ్ (పాత పేపర్లను ఫొటో తీసి దాచిన ఫిల్మ్) అడుగు. ఎవరి బదులు ఎవరు దిగారో మీ నాన్నగారి గళ్ళతో పోల్చుకుంటే దొరికిపోతాడు. ఆ వ్యాపారి పాడుచేశారన్నది దీన్నేగా!

మెల్‌బోర్న్_బాబాయ్:
పిన్నిగారూ, పరువు పోయింది. నేషనల్ లీగ్ అని అచ్చు ఉంది, కోల్‌మన్ గారే. డబ్బా దొరికినప్పటి నుంచీ వచ్చిన చుట్టానికల్లా "పెద్ద పిచ్చర్ (బంతి విసిరేవాడు) సంతకం" అని చూపించాను. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

సూరీ, టికెట్ ముక్క మీద తేదీ ఉంది. ఆ రోజు అవతలి జట్టు మాంట్రియల్ ఎక్స్‌పోస్, వాళ్ళూ ఇప్పుడు లేరు, 2005లో వాషింగ్టన్ వెళ్ళిపోయారు. 87 ఎదురుగా రెండు చుక్కలు, ఒక 1 ఉన్నాయి. శనివారం లైబ్రరీకి వెళ్తున్నా.