నొప్పి ప్యాచ్ చెమటకు ఊడుతోంది. దాని మీద కాపడం పెట్టవచ్చా?

ప్రశ్న: అంబాజీపేట నుంచి

మా అమ్మగారికి క్యాన్సర్ వెన్నుకు పాకింది. అప్పటిదాకా వాడిన మార్ఫిన్ మాత్రలు నిలవక వాంతులు అవుతుండడంతో, పది రోజుల క్రితం డాక్టరుగారు గంటకు 25 మైక్రోగ్రాములు విడుదలయ్యే ఫెంటానిల్ ప్యాచ్ (ఒంటికి అంటించే నొప్పిమందు పట్టీ) రాశారు. మూడు రోజులకొకటి మార్చాలి. కొబ్బరితోటల మధ్య ఈ ఉక్కలో రెండో రోజు సాయంత్రానికే దాని అంచులు ఎండిన తమలపాకులా పైకి లేస్తున్నాయి. అమ్మ మాత్రం దాన్ని నొప్పి ఉన్న నడుము మీదే అంటించమని, పైన ఉప్పుమూటతో కాపడం పెట్టమని అడుగుతోంది. మొదటిది అంటించిన రాత్రి ఆమె తెల్లవార్లూ మూలుగుతూనే ఉండడం చూసి, మందు దిగడం లేదు, ఇంకొకటి కూడా అంటించమని మా పెద్దమ్మ అన్నారు. నాకు ధైర్యం చాలలేదు. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పాలకొల్లు, ఫార్మసిస్టు

రెండోది అంటించకపోవడం చాలా మంచిపని అయిందండీ. చర్మం పైపొరలో మృతకణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి, వాటి మధ్య కొవ్వు సున్నంలా పట్టి ఉంటుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు కూడా ఉండదు గానీ, బరువైన అణువులను లోపలికి రానివ్వదు. అణుభారం సుమారు 500 డాల్టన్ల లోపు ఉండి, కొవ్వులో కరిగే గుణమూ కలిగి, చాలా కొద్ది మోతాదులోనే పనిచేసే మందులే ఈ దారిన వెళ్లగలవు. ఫెంటానిల్ అణుభారం 336. ఇన్సులిన్‌ది దాదాపు 5,800 కాబట్టి దాన్ని ఇలా అంటించి ఇవ్వడం కుదరదు.

ఫెంటానిల్ ముందు చర్మంలో నిల్వ చేరి, అక్కడినుంచి మెల్లగా రక్తంలోకి దిగుతుంది. అందువల్ల మొదటి ప్యాచ్ పూర్తిగా పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది, తీసేశాక కూడా ఇంచుమించు ఒక రోజు దాని ప్రభావం ఉంటుంది. మొదటి రాత్రి అమ్మగారు పడిన బాధకు కారణం ఇదే. ఆ వ్యవధిలో వేసుకోవడానికి వేరే మందు ఏదైనా రాయమని డాక్టరుగారినే అడగవలసింది. మోకాలికి రాసే డైక్లోఫెనాక్ జెల్ రాసినచోట పనిచేస్తుంది. ఈ ప్యాచ్ మందు రక్తంలో కలిసి ఒళ్లంతటికీ చేరుతుంది, కనుక నడుము మీదే అంటించనక్కరలేదు.

జవాబు: కాకినాడ, ఇళ్లకు వెళ్లి రోగులను చూసే నర్సు

కాపడం మాత్రం వద్దు. వేడి తగిలితే అక్కడి రక్తనాళాలు విచ్చుకుని, మూడు రోజుల్లో మెల్లగా దిగవలసిన మందు ఒక్కసారిగా ఎక్కువ దిగుతుంది. ఉప్పుమూట, వేడినీళ్ల సంచి, ఎండలో మంచం, ఏదైనా ప్రమాదమే. నడుముకు కాపడం కావాలంటే ప్యాచ్‌కు దూరంగా పెట్టవచ్చునా అని అడుగుతారు. ప్యాచ్ ఉన్నన్నాళ్లూ మానేయడమే నా సలహా.

మన దగ్గర ప్యాచ్ నిలవకపోవడానికి చెమటతో పాటు కొబ్బరినూనె కూడా కారణం. అంటించే రోజు ఒంటికి నూనె రాయకండి. సబ్బు వాడకుండా మంచినీళ్లతో తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత, ఛాతీ పైభాగాన గానీ భుజం కింద చేతి పైభాగాన గానీ అంటించి, అరచేతితో 30 సెకన్లు గట్టిగా అదిమి ఉంచండి. వెంట్రుకలుంటే కత్తిరించండి, గీయకండి. అంచులు లేస్తే చుట్టూ ప్లాస్టర్ టేపు వేయండి. పూర్తిగా ఊడిపోతే కొత్తది వేరేచోట అంటించి, మూడు రోజులను అక్కడినుంచి లెక్కించి, ఆసుపత్రికి తెలియజేయండి. ప్యాచ్‌ను ఎన్నడూ కత్తిరించకూడదు. వాడినదానిలో ఇంకా మందు మిగిలి ఉంటుంది, పసిపిల్లల ఒంటికి అంటుకుంటే ప్రాణం పోవచ్చు. జిగురు వైపు లోపలికి మడిచి భద్రపరిచి, మందు ఇచ్చిన ఆసుపత్రికే తిరిగి ఇవ్వండి. గట్టు మీద, కాలువలో పారేయకండి.

జవాబు: రాజోలు నుంచి

మా నాన్నగారికి ఇదే ప్యాచ్ ఉండగా జ్వరం బాగా వచ్చింది. జ్వరం కూడా వేడేనన్న సంగతి ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఒళ్లు 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రక్తంలో మందు సుమారు మూడోవంతు పెరగవచ్చని తరువాత చెప్పారు. ఆయన గాఢంగా గురక పెడుతుంటే, ఇన్నాళ్లకు నిద్రపట్టిందని అందరం సంతోషించాము. పిలిస్తే పలకకపోవడం, ఊపిరి బాగా నెమ్మదించడం గమనించి ప్యాచ్ ఊడదీసి, 108కు ఫోన్ చేశాము. విరుగుడు ఇంజక్షన్‌తో తేరుకున్నారు. మీ ఇంట్లో రాత్రిపూట కనిపెట్టుకుని ఉండేవారికి ఈ గుర్తులు ముందే చెప్పి ఉంచండి.

అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం నూనె లేకుండా తుడిచి, ఛాతీ పైన అంటించి, తేదీ, సమయం కేలండరు మీద రాశాను. ఉప్పుమూట లోపల పెట్టేశాము. నొప్పికి మధ్యలో వాడే మందు గురించి రేపు డాక్టరుగారిని అడుగుతాను.