ఫ్యాన్ కింద సిబేలియస్ వినబడదు: తప్పు లేబుల్‌దా, గదిదా?

సికింద్రాబాద్_శ్రోత
స్వీడన్ రికార్డు లేబుల్ బిస్ వాళ్లు వేసిన, ఫిన్లాండ్ స్వరకర్త సిబేలియస్ వయొలిన్ కాన్చెర్టో సంగతి ఇది. కవాకోస్ వయొలిన్, వాన్‌స్కా నడిపిన లాహ్తి ఆర్కెస్ట్రా, తొలి పాఠమూ 1905లో తిరగరాసిన పాఠమూ ఒకే డిస్కులో ఉన్నది. మొదట్లో మ్యూట్ (ధ్వనిని మెత్తబరిచే చిన్న క్లిప్పు) వేసిన వయొలిన్లు అసలు వినబడవు. వాల్యూం పెంచితే కాసేపటికి ఆర్కెస్ట్రా అంతా మీద పడుతుంది. రిమోట్ చేత్తో పట్టుకుని సంగీతం వినాలా? పైగా ‘ఒరిజినల్ డైనమిక్స్’, అంటే మెత్తనికీ గట్టికీ ఉన్న అసలు తేడా, అని గొప్పగా వేసుకుంటారు. నా లెక్కలో ఇది సగంలో వదిలేసిన మాస్టరింగ్ (డిస్కు వేసేముందు చేసే చివరి సర్దుబాటు). కాదనేవాళ్లు రండి.

వాల్వు_ఆంప్
వచ్చాను. 1973లో రాబర్ట్ వాన్ బార్ పెట్టినప్పట్నుంచీ ఆ లేబుల్‌కు పేరు తెచ్చింది ఈ పట్టుదలే. హాల్లో ఎంత తేడా ఉందో డిస్కులోనూ అంతే ఉంచుతారు.

లెక్క చూడండి. పెద్ద ఆర్కెస్ట్రాలో మెత్తని చోటుకీ గట్టి చోటుకీ 50 డెసిబెల్స్ తేడా మామూలే. ఫుల్ స్పీడులో ఫ్యాన్ తిరిగే గదిలో రొద 45 దాకా ఉంటుంది. మెత్తని చోటు ఆ రొదకు సమానంగా రావాలన్నా గట్టి చోటు 95కి చేరుతుంది, రొద మీద కాస్త వినబడాలంటే 100కి. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (1 వాట్‌కు 1 మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న చిన్న స్పీకర్ల జత 1 వాట్‌కు 3 మీటర్ల దూరంలో ఇచ్చేది ఇంచుమించు 80. అక్కణ్ణుంచి 100కి వెళ్లాలంటే 100 వాట్లు కావాలి. 50 వాట్ల ఆంప్ అక్కడ క్లిప్ అవుతుంది, అంటే శక్తి చాలక ధ్వని అంచులు తెగి గరగరలాడుతుంది. మీరు ‘మీద పడింది’ అంటున్నది చాలావరకు ఆ క్లిప్పింగే.

అదే గదిలో రొద 30కి దిగితే 15 డెసిబెల్స్ మిగిలినట్టు, అంటే 100 వాట్ల పని 3 వాట్లతో అయిపోతుంది. డిస్కులో లోపం ఎక్కడుంది?

కోఠీ_భాయ్
అన్నా, జర ఫ్యాన్ బంద్ చేస్కొని విను.

సికింద్రాబాద్_శ్రోత
మే నెలలో ఫ్యాన్ బంద్ చేసి తలుపులేసుకుని సిబేలియస్ వినే మొనగాడు ఎవరో చూపించండి భాయ్.

తంబూరా_శృతి
మన కచేరీ రికార్డింగుల్లో ఈ పేచీయే లేదు కదండీ. తంబూరా అడుగున ఉంటుంది, నిశ్శబ్దం అనేదే రాదు. ఫ్యాన్ దాంట్లో కలిసిపోతుంది.

వాల్వు_ఆంప్
కలిసిపోయేది తంబూరా ఒక్కదానివల్లే కాదు. సభ మైకుల మిక్సర్ నుంచి నేరుగా తీసిన రికార్డింగులో తేడా ముందే నలిగిపోయి ఉంటుంది. మృదంగం మీది ‘చాపు’ పై అంచుకు తగిలి తెగిపోయిన రికార్డింగులు ఎన్ని వినలేదు? తనిలో (కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగంలో) వేళ్ల ఒత్తిడి తేడా తెలియని రికార్డింగు నాకెందుకు?

తంబూరా_శృతి
తని సంగతి నేనెత్తలేదు. తంబూరా అన్నాను.

నైట్‌షిఫ్ట్
స్ట్రీమింగ్ యాప్‌లో ‘నార్మలైజ్’ ఆన్ చేస్తే చాలు కదా?

వాల్వు_ఆంప్
చాలదు. అది ట్రాక్ మొత్తాన్ని ఒకేలా పెంచుతుంది, తగ్గిస్తుంది. ట్రాక్ లోపలి తేడా అలాగే ఉంటుంది. మీకు కావలసింది గట్టి చోట్లను నొక్కి తేడా తగ్గించే కంప్రెసర్. వీఎల్‌సీ ప్లేయర్‌లో టూల్స్, ఎఫెక్ట్స్ అండ్ ఫిల్టర్స్, ఆడియో ఎఫెక్ట్స్, కంప్రెసర్. థ్రెషోల్డ్ (నొక్కడం మొదలయ్యే స్థాయి) మైనస్ 30, రేషియో (ఎన్నో వంతుకు నొక్కాలో) 2, మేకప్ గెయిన్ (తర్వాత మొత్తాన్నీ పెంచేది) 12. 50 డెసిబెల్స్ తేడా 35కి వస్తుంది. ఫ్యాన్ ఆపితే దొరికే 15 అక్కడే దొరికింది. రిలీజ్ (నొక్కడం వదిలేందుకు పట్టే సమయం) మాత్రం తక్కువ పెట్టకండి, టింపనీ (ఆర్కెస్ట్రాలోని పెద్ద డోలు) దెబ్బ పడ్డాక హాలు ప్రతిధ్వని పైకి ఉబ్బి ఊగుతుంది.

లేబుల్ వాళ్లే నొక్కేస్తే దాన్ని ఎవరూ తిరిగి విప్పలేరు. మీరు ఇంట్లో నొక్కుకుంటే బటన్ ఆపితే పోతుంది. అందుకే అది వాళ్ల పని కాదు.

సికింద్రాబాద్_శ్రోత
హైబ్రిడ్ ఎస్ఏసీడీ అనే డిస్కులో రెండు పొరలుంటాయి, ఒకటి మేలురకం ఎస్ఏసీడీ పొర, ఒకటి మామూలు సీడీ పొర. ఎస్ఏసీడీ పొర మీలాంటివాళ్లకు ఉంచి, సీడీ పొర మామూలు ఇళ్లకు తగ్గట్టు చెయ్యొచ్చు. డిస్కు అదే, అట్ట అదే. చెయ్యరు. ఎందుకు?

కోఠీ_భాయ్
2023లో ఆపిల్ కొనేసింది ఆ కంపెనీని. ఇప్పుడు ఆపిల్‌నడగాలె.

వాల్వు_ఆంప్
ఎందుకంటే సీడీ పొరలో 16 బిట్లకే 96 డెసిబెల్స్ చోటుంది. 50 హాయిగా పడుతుంది. నొక్కాల్సిన అవసరమే లేదు.

సికింద్రాబాద్_శ్రోత
నేను డిస్కులో చోటు గురించి అడగలేదండీ! ఇంట్లో చోటు గురించి అడుగుతున్నా. ఎన్నిసార్లు రాసినా అంకెలు లెక్కపెట్టి చూపిస్తున్నారు.

వాల్వు_ఆంప్
తేడా నలిపేసే ఎఫ్ఎం రేడియోకి అలవాటుపడ్డ చెవులకు ఎంత చెప్పినా ఇంతే.

సికింద్రాబాద్_శ్రోత
అదీ, బయటపడ్డారు. రెండు పడగ్గదుల ఫ్లాటులో పక్క గదిలో పెద్దవాళ్లు పడుకున్నాక, గోడవతల ఇంకో కుటుంబం ఉండగా 95 డెసిబెల్స్ ఎవరు పెడతారు? సంగీతానికని వేరే గది ఉన్నవాళ్లకే ఆ రికార్డింగు. మిగతావాళ్లు రేషియోలు, థ్రెషోల్డులు నేర్చుకోవాలి. మీరంటున్నది ఇదే, ‘నాణ్యత’ అని పేరు పెట్టి.

వాల్వు_ఆంప్
గది లేనివాడికి చెవులు లేవని నేననలేదు. మీ గదికి తగ్గట్టు కోసిన రికార్డింగు, రేపు గది మారినా మీకు దొరికేది అదొక్కటే అంటున్నాను. ఇది నేను వదలను.

రాత్రిపూటయితే ఫోమ్ టిప్పుల ఇయర్‌ఫోన్లు చాలు. చెవిలో సరిగ్గా కూర్చుంటే బయటి రొద 20 డెసిబెల్స్ పైనే తగ్గుతుంది. టిప్పును నలిపి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపాలి. అలా ఆపకపోతే బేస్ కారిపోతుంది.

తంబూరా_శృతి
ఫోమ్ పెట్టుకున్నాక వాల్యూం దించడం మర్చిపోకండి. గట్టి చోటు వచ్చేసరికి చెవులు పోతాయి.

నైట్‌షిఫ్ట్
వీఎల్‌సీలో మీరు చెప్పినట్టే పెట్టి, రిలీజ్ 800 చేసి చూశాను. ఊగడం లేదు. మ్యూట్ వయొలిన్లు ఫ్యాన్ మీద వినబడుతున్నాయి. టింపనీ మాత్రం అట్టపెట్టె మీద కొట్టినట్టుంది.

వాల్వు_ఆంప్
చెప్పానా.

సికింద్రాబాద్_శ్రోత
వినబడుతున్నాయన్నారు కదా, ముందు ఆ మాట చదవండి. ఎటాక్ (నొక్కడం మొదలయ్యేందుకు పట్టే సమయం) ఎంత పెట్టారండీ నైట్‌షిఫ్ట్ గారూ?