మంత్రశాస్త్ర గ్రంథాలకు తాళం వెయ్యాలా? మిస్కటానిక్ లైబ్రేరియన్ చేసింది న్యాయమేనా?

స్వర్ణముఖి (తిరుపతి):

అందరికీ నమస్కారం. పోయిన ఆదివారం మేం నలుగురం కూచుని అమెరికన్ భయానక కథల రచయిత లవ్‌క్రాఫ్ట్ రాసిన 'డన్‌విచ్ హారర్' చదివాం. 1929లో అచ్చయిన కథ. రెండు గంటలు వాదించుకున్నా తెగలేదు, అందుకే ఇక్కడికి తెచ్చాను.

చదవనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. అమెరికాలో మసాచుసెట్స్‌లో ఆర్కమ్ అనే ఊరు, అక్కడ మిస్కటానిక్ యూనివర్సిటీ. రెండూ కల్పితమే. ఆ లైబ్రరీలో తాళం వేసి ఉంచిన క్షుద్రగ్రంథాల్లో ముఖ్యమైనది నెక్రోనమికాన్. ఎనిమిదో శతాబ్దంలో ఒక పిచ్చెత్తిన అరబ్బు కవి దాన్ని రాశాడని, గ్రీకులోకి, లాటిన్‌లోకి మారిందని, పోప్ నిషేధించాడని రచయిత దానికొక చరిత్రే అల్లిపెట్టాడు. డన్‌విచ్ అనే పల్లె నుంచి విల్బర్ అనే కుర్రవాడు వస్తాడు. వాళ్లింట్లో ఉన్న ఇంగ్లిష్ ప్రతి లోపభూయిష్టం. అందులో 751వ పేజీలో ఉండాల్సిన భాగం కోసం లాటిన్ ప్రతిని ఇంటికివ్వమని అడుగుతాడు. లైబ్రేరియన్ ఆర్మిటేజ్ ఇవ్వనంటాడు. పైగా ఆ పుస్తకం ఉన్న మిగతా లైబ్రరీలన్నిటికీ ఇతనికి ఇవ్వొద్దని హెచ్చరిక పంపుతాడు. చివరికి విల్బర్ రాత్రిపూట దొంగతనంగా లైబ్రరీలో దూరి, కాపలా కుక్క నోట పడి చచ్చిపోతాడు.

నా ప్రశ్న ఒక్కటే. పుస్తకం ఎవరికివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో మనిషి ముఖం చూసి తేల్చే అధికారం లైబ్రేరియన్‌కి ఎవరిచ్చారు?

నాకు ఇది కథ మాత్రమే కాదు. మూడేళ్ల కిందట జానపద వైద్యం మీద పని చేస్తూ వేరే రాష్ట్రంలో ఒక లైబ్రరీకి వెళ్లాను. కేటలాగులో విషహర మంత్రాలు అని ఉన్న తాటాకు కట్ట కావాలని చీటీ రాసిచ్చాను. అక్కడున్నాయన చీటీ చదివి, నన్ను ఎగాదిగా చూసి, "పెళ్లయిందా అమ్మా? ఇట్లాంటివి ఆడపిల్లలకెందుకు?" అన్నాడు. తేలు కుడితే ఏ ఆకు పసరు పూసేవాళ్లో తెలుసుకుందామని పోయాను నేను. బస్సెక్కి తిరిగొస్తుంటే ఏడుపొచ్చింది. అడిగినవాళ్లందరికీ ఇవ్వాలి, ఇదే నా మాట.

పాకాల జంక్షన్:

అమ్మా, మీకు జరిగింది తప్పే. దాన్ని నేను సమర్థించను. కానీ నేను పల్లెటూరి బళ్లో టీచర్ని, కళ్లారా చూసింది చెప్తాను.

రెండేళ్ల కిందట మా ఊరి గుట్టమీది పాత గుళ్లో రాత్రికి రాత్రి నంది కింద తవ్వేశారు. పొద్దున పోయి చూస్తే కోసిన నిమ్మకాయలు, కుంకుమ కలిపిన అన్నం ముద్దలు, కోడి ఈకలు. నంది ఒక పక్కకు ఒరిగి, చెవి విరిగి పడుంది. మా అమ్మ చిన్నప్పటి నుంచీ ఆ చెవిలోనే కోరికలు చెప్పుకునేది. పట్టుబడిన కుర్రోళ్లలో ఒకడు నా దగ్గర పదో తరగతి చదివాడు. వాడి ఫోన్‌లో ఎవరో పంపిన పాత పుస్తకం స్కాన్ ఉంది. భూమిలో నిధి కనబడాలంటే కళ్లకు పెట్టుకునే అంజనం ఎట్లా తయారుచెయ్యాలో అందులో రాసుంది. వాడు దొంగ కాదు. బోర్లు వేసి వేసి నాయన చేసిన అప్పులు నెత్తిన పడ్డ పిల్లోడు. అచ్చులో ఉంది కాబట్టి నిజమే అనుకున్నాడు.

వడ్డీ కట్టలేనోడి చేతిలో అట్లాంటి పుస్తకం పడితే ఏమవుతుందో యూనివర్సిటీలో కూచున్నవాళ్లకు తెలీదు. ఆర్మిటేజ్ చేసింది వందకు వంద శాతం సరైన పని.

హేతువు:

టీచర్ గారూ, నందిని ఒరగబెట్టింది పుస్తకం కాదు, అప్పు. ఆ కథ రాసిన లవ్‌క్రాఫ్ట్ మంత్రాల్నీ దయ్యాల్నీ నమ్మేవాడు కాడు, పక్కా భౌతికవాది. నెక్రోనమికాన్ పూర్తిగా ఆయన ఊహే. అయినా 1977లో న్యూయార్క్‌లో అదే పేరుతో ఒక పుస్తకం అచ్చేస్తే జనం నిజమైనదేనని కొనుక్కున్నారు. లేని పుస్తకానికే అంత గిరాకీ ఉంటే, ఉన్న పుస్తకానికి తాళం వేసి ఇంకెంత గిరాకీ పెంచుతారు? అందరి ముందూ తెరిచి పెట్టండి, ఇదిగో ఇంతే ఇందులో ఉన్నది అని చూపించండి. భయం దానంతటదే పోతుంది.

పాతబీరువా (తిరుపతి):

ముప్పై ఏళ్లు రాతప్రతుల మధ్య పనిచేసి రిటైరైనవాణ్ణి. కథలో ఒక సంగతి మీరంతా వదిలేస్తున్నారు.

ఆర్మిటేజ్ పుస్తకం చూపించనని అనలేదు. విల్బర్ లైబ్రరీలోనే కూచుని, తన ప్రతి పక్కన పెట్టుకుని, లాటిన్ ప్రతిలో పేజీలు తిప్పుకుంటూ పోల్చి చూసుకున్నాడు. ఆర్మిటేజ్ వెనక నిలబడి ఆ పేజీ తనూ చదివాడు. ఇంటికి తీసుకుపోతానన్నప్పుడు కాదన్నాడు. పోనీ కావలసిన ముక్క రాసుకోనిద్దామా అని ఒక్క క్షణం అనుకుని, అదీ వద్దనుకున్నాడు. చూడనివ్వడం ఒకటి, రాసుకోనివ్వడం ఒకటి, చేతికిచ్చి పంపడం ఇంకొకటి. మనం మూడిటినీ ఒకే మూటలో కట్టి వాదించుకుంటున్నాం.

పాత లేఖకులు గ్రంథం చివర రాసే శ్లోకం ఒకటుంది:

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్

నూనె నుంచి కాపాడు, నీళ్ల నుంచి కాపాడు, వదులు కట్టు నుంచి కాపాడు, మూర్ఖుడి చేతికి మాత్రం ఇవ్వకు అని పుస్తకమే మనల్ని వేడుకుంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూర్ఖుడంటే చదువురానివాడు అనుకునేవాణ్ణి. తర్వాత ఒకే వారంలో రెండు చూశాను. పెద్ద పేరున్న పండితుడొకాయన వచ్చి, నాలుక మీద వేలు తడుపుకుని తాటాకు తిప్పాడు. అంచు పటుక్కున విరిగింది. విరిగిన ముక్కలో నాలుగక్షరాలు పోయాయి, ఆయన కనీసం తలెత్తి చూడలేదు. రెండు రోజులకు ఒక రైతు వచ్చాడు, వాళ్ల తాత రాసిన కట్ట మా దగ్గరుందని తెలిసి. నేను చెప్పకముందే బయటికెళ్లి చేతులు కడుక్కున్నాడు. పైపంచెతో తడి ఆరేదాకా తుడుచుకున్నాడు. రెండు చేతులా అంచులు పట్టుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒక్కో ఆకూ ఎత్తాడు. ఆయనకు ఒక్క అక్షరమూ చదవడం రాదు. అప్పట్నించీ ఆ శ్లోకం నాకు వేరేగా వినిపిస్తుంది.

ఇంకో మాట. ఘంటంతో గీసిన అక్షరం ఊరికే కనబడదు. మసి రుద్ది తుడిస్తే గీతల్లో నల్లగా నిలబడుతుంది. కాలం గడిచి మసి పోతే ఆకు ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. ఏమీ లేదులెమ్మని కట్టలకు కట్టలు ఏట్లో కలిపేసిన ఇళ్లు నాకు తెలుసు.

కపిలతీర్థం:

సార్, నేను సంస్కృతం చదువుతున్నాను, మంత్రశాస్త్ర గ్రంథాలే నా విషయం. బీరువాకు తాళం అక్కర్లేదంటాను, ఎందుకంటే తాళం గ్రంథం లోపలే ఉంది.

మంత్రాన్ని ఉన్నదున్నట్టు రాయరు, సంకేతాల్లోంచి ఏరి తీసుకోవాలి, దాన్నే ఉద్ధారం అంటారు. దేవీ అథర్వశీర్షంలో 'వియదీకారసంయుక్తం వీతిహోత్రసమన్వితం అర్ధేందులసితం' అని వస్తుంది. వియత్ అంటే ఆకాశం, అది హ. వీతిహోత్రుడంటే అగ్ని, అది ర. దానికి ఈకారం, పైన అర్ధచంద్రుడు. అన్నీ కలిస్తే హ్రీం. తెలిసినవాళ్లు చెప్తే గానీ మామూలు చదువరికి అది ఆకాశం, నిప్పు, చంద్రుడు మాత్రమే. దీనిపైన కీలకం (మంత్రాన్ని బిగించే మేకు) అనీ, ఉత్కీలనం (ఆ మేకు ఊడదీయడం) అనీ, శాపవిమోచనం అనీ మళ్లీ అంచెలున్నాయి. రాసినవాళ్లే ఇన్ని గొళ్లాలు పెట్టుకున్నాక మనం ఇనప గొళ్లెం పెట్టేదేముంది?

టీచర్ గారి శిష్యుడి ఫోన్‌లో ఉన్నది తాటాకు గ్రంథం అయ్యుండదు. ఎవరో నాలుగు చోట్ల నుంచి ఏరుకొచ్చి, అర్థం చేసుకోకుండా అచ్చేసిన బజారు పుస్తకం అయ్యుంటుంది. అసలు గ్రంథం మూసిపెడితే ఊళ్లో తిరిగేది అదే.

స్వర్ణముఖి:

తిరుపతివాళ్లం మనం, రామానుజుల సంగతి మర్చిపోతే ఎట్లా? తిరుక్కోట్టియూర్‌లో గురువు ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని మంత్రార్థం చెప్తే, ఆయన గుడి పైకెక్కి జనమందరికీ వినబడేలా చెప్పేశాడు. నాకు నరకం వచ్చినా ఫర్వాలేదు, ఇంతమంది తరిస్తే చాలన్నాడని కదా మన పెద్దలు చెప్పేది. ఆయన పేరు చెప్పుకునే ఊళ్లో ఉండి మనం బీరువాలకు తాళాలేస్తామా?

కొండమీద అన్నమయ్య రాగిరేకులు కూడా అంతే. రెండువేలకు పైగా రేకులు సంకీర్తన భాండాగారంలో మూసిపెట్టినవి మూసిపెట్టినట్టే ఉండిపోయాయి. 1922 ప్రాంతంలో బయటికి తీసుకొచ్చి చదివితేనే కదా ఆ పాటలు మన నోటికొచ్చాయి. మా అమ్మ పొద్దున్నే ముగ్గు వేస్తూ పాడుకునే పాట నాలుగు వందల ఏళ్లు చీకట్లో పడి ఉందంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

పాకాల జంక్షన్:

రామానుజులు గోపురమెక్కి చెప్పింది అష్టాక్షరి తల్లీ, మారణప్రయోగం కాదు. అన్నమయ్య రేకుల్లో ఉన్నది గోవిందుడి పాటలు. వాటిని, ఫలానావాడికి జ్వరం తగిలించడమెట్లా అని రాసిన ఆకుల్నీ ఒకే గాటన కట్టకండి. మంత్రం పనిచేస్తుందా లేదా అన్నది నా గొడవ కాదు. పనిచేస్తుందని నమ్మినోడు ఏం చేస్తాడన్నదే నా భయం. ఆ మందుల్లో ఉమ్మెత్త గింజలుంటాయి, పాషాణం ఉంటుంది. వాటికి నమ్మకంతో పనిలేదు, తిన్నోడికి ప్రాణం పోతుంది.

హేతువు:

ఉమ్మెత్త గురించిన మాట ఒప్పుకుంటాను. నేను దాన్ని ఆలోచించలేదు.

స్వర్ణముఖి:

నేనూ ఒప్పుకుంటాను. ఇంకో విషయం చెప్పాలి, ఇక్కడ చెప్పొచ్చో లేదో అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. మా ఇంట్లో కూడా ఒక కట్ట ఉంది. పలమనేరు దగ్గర పల్లెలో మా ముత్తాత మంత్రాలు వేసేవాడట, ఆయనది. దేవుడి గూట్లో ఎర్రగుడ్డలో చుట్టి ఉంటుంది. దసరాలో సరస్వతీపూజకు దించి, గుడ్డ మీదే పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ పైకెక్కిస్తుంది అమ్మ. తెరిస్తే ఇంటికి కీడని నాయనమ్మ చెప్పిందట. పోయిన దసరాకి కట్ట దించుతుంటే గుడ్డ మడతలోంచి గోధుమరంగు పొడి రాలింది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుంది. నేనేమీ అనలేకపోయాను.

పాతబీరువా:

అమ్మా, ఆ పొడి పురుగు తిన్న ఆకు. కట్ట లోపల పుప్పిపట్టింది. గుడ్డ విప్పలేదు కాబట్టి అది ఏళ్ల తరబడి తీరిగ్గా తింటూ ఉంటుంది. మీ ఇంట్లో ఎవరూ ఆ కట్టకు అన్యాయం చెయ్యాలనుకోలేదు. కానీ పసుపు పెట్టి మొక్కుతూనే పురుగుకు అప్పజెప్పారు.

నేను మొన్నటి నుంచీ ఆలోచిస్తున్నది ఇదే. విల్బర్ పోయాక వాళ్లింట్లో దాగున్న భూతం ఊరి మీద పడుతుంది కదా, దాన్నుంచి ఆర్మిటేజ్ డన్‌విచ్‌ను కాపాడింది తాళంతో కాదు. విల్బర్ సంకేతలిపిలో రాసుకున్న డైరీని రాత్రింబవళ్లు కూచుని విప్పాడు. జ్వరమొచ్చి పడిపోయాడు. లేచి, తాళంలో ఉన్న ఆ భయంకరమైన పుస్తకాల్లోంచే విరుగుడు వెతికి రాసుకుని, ఇంకో ఇద్దరు ప్రొఫెసర్లను తోడు తీసుకుని కొండెక్కాడు. ఆయనకు లాటిన్ రాకపోయుంటే? ఎవరూ చూడకూడదని పుస్తకాన్ని తగలబెట్టేసి ఉంటే? విల్బర్ భుజం మీదుగా ఆ పేజీ చదవగలిగాడు గనకే అది ఎంత ప్రమాదమో ఆయనకు తెలిసింది. చదవకుండా ఇవ్వననేవాడు, చదవకుండా ఇచ్చేసేవాడు, ఇద్దరికీ లోపల ఏముందో తెలియదు. స్వర్ణముఖిని ఎగాదిగా చూసినాయన ఆ కట్ట ఒక్కసారైనా విప్పి చదివుంటే, అందులో ఉన్నది తేలుకాటుకు పసరో మరొకటో చెప్పగలిగేవాడు. ఆ మాట అడగాల్సిన అవసరమే వచ్చేది కాదు.

మన ఊళ్లో ఈ పని కొత్తేమీ కాదు. 1939లోనే దేవస్థానం ప్రాచ్య పరిశోధన సంస్థ పెట్టింది, 1956లో అది యూనివర్సిటీకి వచ్చింది. దేశం మొత్తానికి 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలైంది. కానీ నేను రిటైరయ్యే నాటికి గ్రంథలిపి, నందినాగరి లాంటి పాత లిపులు గడగడా చదివేవాళ్లు నాకు తెలిసి వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ముందు ప్రతి ఆకూ స్కాన్ చెయ్యాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఆ స్కాన్ అందరి ఫోన్లలోకీ వదలాలా అంటే టీచర్ గారి నందిని తల్చుకుని వెనకాడతాను. పాషాణం మోతాదు రాసిన ఆకు దగ్గర కూచోబెట్టి, పక్కన తెలిసినవాడుండి చూపించాలి. మిగతావి తెరిచే ఉంచాలి. ఏది పాషాణం ఆకో, ఏది పసరు ఆకో చదివితే గానీ తెలియదు.

నీ కట్ట ఏ లిపిలో ఉందో చూశావా అమ్మా?

స్వర్ణముఖి:

ఒకసారి చిన్నప్పుడు గుడ్డ తొలగించి చూశాను సార్. తెలుగులా లేదు. పైన గీత గీసినట్టు, నాగరిలాగా ఉంది కానీ చదవలేకపోయాను.

పాతబీరువా:

నందినాగరి అయ్యుండొచ్చు. నా కళ్లు ఇప్పుడు దానికి ఆనవు. కపిలతీర్థం బాబూ, నువ్వు చదవగలవా?

కపిలతీర్థం:

చదవగలను సార్, నిదానంగా. అక్కా, మీరు తాడు కొయ్యకండి, ముడి విప్పడానికి రాకపోతే అట్లాగే ఉంచండి. గుడ్డ మీద కర్పూరం, పురుగుల మందు ఏమీ చల్లొద్దు. ఆకులు ఒకదానికొకటి అంటుకుని ఉంటే లాగొద్దు. పైన కనబడే మొదటి ఆకు ఒక్కటి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ వేయకుండా ఫోటో తీసి పంపండి.

స్వర్ణముఖి:

అమ్మతో గంటసేపు మాట్లాడాను. ఒప్పుకుంది. శుక్రవారం మాత్రం ఇంట్లోంచి బయటికి తియ్యొద్దంది, ఆదివారం పొద్దున అయితే తనే దించి ఇస్తానంది. తనూ పక్కన కూచుంటుందట.

పాకాల జంక్షన్:

నేనూ వస్తానమ్మా. మా నాయన దగ్గర నిమ్మగడ్డి నూనె ఉంది, తాటాకులకు మంచిదని విన్నాను, సార్ చూసి సరేనంటే వాడదాం. అంజనం ఉన్న ఆకు తగిలితే మాత్రం, నా మాట మన్నించి, ఫోటో తియ్యొద్దు.