సమస్యాపూరణం: గూబ యింట వ్రాల గొప్ప మేలు

నిర్వాహకుడు, పర్లాకిమిడి:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం: "గూబ యింట వ్రాల గొప్ప మేలు". ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఎందుకిచ్చానో చెబుతాను.

శనివారం తెల్లవారుజామున మంచు పట్టి ఉంది. మా ఇల్లు ఊరి చివర, గోడ దాటితే కోసేసిన వరిమళ్ళు. దొడ్డిలో గడ్డివామి పక్కన, నేల మీద, ఓ గుడ్లగూబ కూర్చుని ఉంది. రోజూ కనిపించే పైడికంటె కాదు, తమలపాకు లాంటి తెల్ల మొహం చావుపిట్టా కాదు. ఒళ్ళంతా ఎండుగడ్డి రంగు చారలు, పసుపు కళ్ళ చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు. బెదిరినప్పుడు మాత్రం నెత్తి మీద రెండు చిన్న ఈకల కుచ్చులు లేచాయి. పొట్టిచెవుల గుడ్లగూబ! చలికాలానికి ఉత్తరాది దేశాల నుంచి వచ్చే పక్షి. ఇన్నేళ్ళలో మా దొడ్డిలో ఎప్పుడూ చూడలేదు.

పక్కింటి మామ్మగారు "ఇల్లు ఖాళీ చెయ్యాలి బాబూ" అన్నారు. పిల్లలు రాళ్ళు పట్టుకొచ్చారు. నాకు ఒకటే టెన్షన్. మీ పద్యాలు ఈ వీధిలో చదివి వినిపించాలని ఉంది.

కాశీనగర్ రైతు:

ఎలుక లన్ని చేరి యీ గాదె నంతయు
మెక్కుచుండ, రాత్రి మెల్ల వచ్చి
పట్టి తినెడి పక్షి పాడని యందురే?
గూబ యింట వ్రాల గొప్ప మేలు.

మాస్టారూ, మా కళ్ళంలోకి చావుపిట్ట వస్తుంది. అది మొదలు ఎలుకల మందు పెట్టడం మానేశాను. మందు తిన్న ఎలుకను తింటే అదీ చస్తుంది.

నిర్వాహకుడు:
గణాలు, యతులు (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కలవడం) సరిపోయాయి. "మెల్ల వచ్చి" యతి కోసం పడ్డ మాట కాదు. గూబ రెక్క ఈకల అంచు దువ్వెన పళ్ళలా, కుచ్చులా ఉంటుంది, అందుకే ఎగిరినా చప్పుడుండదు. మా దొడ్డిలో అది కక్కిన బొటనవేలంత ముద్ద దొరికింది. నీళ్ళలో వేసి విప్పితే బొచ్చు మధ్య ఎలుక దవడ, పళ్ళతో సహా!

రాయగడ గృహిణి:

మార్గశిరమునందు మా యింట ముగ్గేసి
యడుగు లద్ద, లక్ష్మి యరుగుదేర
వాహనంబు ముందు వచ్చెను గనరమ్మ!
గూబ యింట వ్రాల గొప్ప మేలు.

మా వీధిలో ఒడియా వాళ్ళు మార్గశిర గురువారాల్లో మాణబసా అనే లక్ష్మీపూజ చేస్తారు. బియ్యప్పిండితో గడప నుంచి లోపలికి లక్ష్మి పాదాలు వేస్తారు. వాళ్ళకి గూబ అమ్మవారి వాహనం. గోడకి ఇటు మనం భయపడుతున్నాం.

గుణుపూర్ విద్యార్థి:
అక్కా, "ముగ్గేసి" వాడుక మాట కదా? "ముగ్గిడి" అన్నా గణం సరిపోతుంది.

రాయగడ గృహిణి:
సరిపోతుంది తమ్ముడూ. కానీ మా ఇంట్లో ఎవరూ ముగ్గిడరు, ముగ్గేస్తారు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చిన సమస్యకి ఆ మాట ఉండనివ్వండి.

నిర్వాహకుడు:
గిడుగు వారి వాడుక భాష పోరు ముఖ్యంగా వచనం కోసం, బడి పుస్తకాల కోసం. పద్యంలో "అరుగుదేర" పక్కన "ముగ్గేసి" కొంచెం ఎగుడుదిగుడే. అయినా నేను మార్చను. ఆ మాట దగ్గరే నాకు తడి పిండి వాసన వచ్చింది.

గుణుపూర్ విద్యార్థి:
నా మొదటి ప్రయత్నం, దిద్దండి.

మంచు దాటి వచ్చి మా దొడ్డి నొదిగిన
యతిథి కేల రాళ్ళు నరుపు లేల?
చూచి మురిసిపోయి ప్రేమతో కావరే
గూబ యింట వ్రాల గొప్ప మేలు.

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాలు హాయిగా సాగాయి. మూడో పాదంలో "చూ"కి "ప్రే"తో యతి కుదరదు. "చోటిచ్చి కావరే" అని చూడు, చూ, చో కలుస్తాయి. అర్థమూ బాగుపడుతుంది. ప్రేమ పేరుతో మా వీధంతా ఫోన్లు పట్టుకుని దాని మీదకి వెళ్ళారు, అది రెండుసార్లు లేచి మళ్ళీ దిగింది. దానికి కావలసింది పది గజాల దూరం, పగలంతా కదలకుండా కూర్చునే వీలు.

గుణుపూర్ విద్యార్థి:
మార్చాను గురువుగారూ. "చూచి మురిసిపోయి చోటిచ్చి కావరే." అది ఇంకా ఉందా?

నిర్వాహకుడు:
మూడో రోజు మసకచీకట్లో మళ్ళ మీదుగా తక్కువ ఎత్తులో వెళ్ళిపోయింది. ముందు రోజు నీ పద్యం కొత్త పాదంతో పిల్లలకి చదివాను. రాళ్ళు మా అరుగు మీదే వదిలేశారు, ఇంకా అక్కడే ఉన్నాయి.