చంద్రుడి మీద లాంచ్ ప్యాడ్ లేదు కదా, అపోలో వాళ్లు తిరిగి ఎలా లేచారు?

తోకచుక్క:
ఇక్కడి నుంచి వెళ్లడానికి 110 మీటర్ల శాటర్న్ 5 రాకెట్ కావాల్సి వచ్చింది. మరి తిరిగి రావడానికి ఆ చిన్న ల్యాండర్ ఎలా సరిపోయింది? ఇంజిన్ అంటుకోకపోతే గతేంటి? ఇంకో డౌట్: అపోలో 17 లేస్తుంటే కెమెరా కూడా పైకి తిరుగుతుంది. తిప్పిందెవరు?

నింగిచూపు:
ల్యాండర్ భూమికి రాలేదండీ, కిటుకంతా అదే. సుమారు 110 కి.మీ. ఎత్తులో తిరుగుతున్న కమాండ్ మాడ్యూల్ (వాళ్లను భూమికి తెచ్చే నౌక) దాకా వెళ్తే దాని పని అయిపోయినట్టే. అపోలో 11లో అక్కడ మూడో వ్యోమగామి కాలిన్స్ ఉన్నాడు. భూమి చుట్టూ తిరగడానికి సెకనుకు దాదాపు 7.8 కి.మీ. వేగం కావాలి, చంద్రుడి చుట్టూ 1.7 చాలు. పైగా గాలి లేదు.

లేచేది పై భాగం ఒక్కటే. కింది భాగమే లాంచ్ ప్యాడ్, అది అక్కడే ఉండిపోతుంది. పై భాగం దాదాపు 4.7 టన్నులు, అందులో సగం ఇంధనమే. చంద్రుడి మీద దాని బరువు 0.8 టన్నులు, ఇంజిన్ పైకి నెట్టే బలం 1.6 టన్నులు. ఏడు నిమిషాలు మండితే కక్ష్యలో పడతారు. కాలిన్స్‌ను చేరడానికి ఇంకో మూడున్నర గంటలు. నాసా ఇంజనీర్ జాన్ హుబోల్ట్ పట్టుబట్టిన ఈ పద్ధతిని నాసా 1962 జులైలో ఖాయం చేసింది. లేకపోతే శాటర్న్ 5 కన్నా పెద్ద రాకెట్ కట్టాల్సి వచ్చేది.

ఇంధనంబాబు:
ఇంజిన్ సంగతి నేను చెప్తా. అందులో పంపులు లేవు, అంటించే స్పార్కూ లేదు. ఏరోజైన్ 50 అనే ఇంధనం, దాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్ కలిస్తే చాలు, వాటంతటవే మండుతాయి. హీలియం ఒత్తిడి వాటిని నెడుతుంది. నాజిల్ (మంట బయటికొచ్చే గొట్టం) కూడా కదలదు, దిశ మార్చడానికి పక్కన 16 థ్రస్టర్లు, అంటే చిన్న ఇంజిన్లు. పాడయ్యే భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత మంచిదని అలా కట్టారు. అయినా అపోలో 11లో ఇంజిన్‌ను సిద్ధం చేసే సర్క్యూట్ బ్రేకర్ విరిగింది. ల్యాండర్‌లో ఉన్న వ్యోమగామి ఆల్డ్రిన్ స్కెచ్ పెన్నుతో దాన్ని లోపలికి నొక్కాడు.

అసలు వెలగకపోతే? రక్షించే దారి లేదు. తక్కువ కక్ష్యలోకైనా చేరితే మాత్రం కమాండ్ మాడ్యూలే కిందికి దిగి అందుకునేది.

నింగిచూపు:
కెమెరా తిప్పింది హ్యూస్టన్‌లో కూర్చున్న ఎడ్ ఫెండెల్. సిగ్నల్ పోయి బొమ్మ రావడానికి రెండున్నర సెకన్ల పైనే, అందుకే ల్యాండర్ కదలకముందే లెక్కగట్టి కమాండ్లు పంపాడు. అపోలో 15లో కెమెరా పైకి తిరిగే మెకానిజం పని చేయలేదు. 16లో కెమెరా ఉన్న రోవర్‌ను (చంద్రుడి మీద నడిపే బండి) ల్యాండర్‌కు మరీ దగ్గరగా ఆపడంతో లెక్క తప్పింది. 17లో కుదిరింది.

తోకచుక్క:
థాంక్స్ ఇద్దరికీ. ఆ పై భాగం తర్వాత ఏమైంది?

ఇంధనంబాబు:
అపోలో 11ది కక్ష్యలోనే వదిలేశారు. అపోలో 12 పై భాగాన్ని మాత్రం కావాలనే చంద్రుడి మీద కూల్చారు, తాము పెట్టి వచ్చిన సీస్మోమీటర్ (నేల కంపనాలను కొలిచే పరికరం) ఆ దెబ్బను నమోదు చేయాలని. కంపనాలు దాదాపు గంట సేపు ఆగలేదు, శాస్త్రవేత్తలు అంతసేపు ఊహించలేదు. 14, 15, 17 వాటినీ అలాగే పడేశారు.