కొకైన్ అలవాటు రోగమా, కొవ్వా?

పాలకొల్లు_పెద్దబ్బాయి:
మొన్న టీవీలో ఒక డాక్టర్ గారు డ్రగ్స్ అలవాటు మెదడు జబ్బనీ, వాడేవాళ్ళని తిట్టొద్దనీ చెప్పారు. మా అమ్మ చూసి కళ్ళు తుడుచుకుంది. నాకు ఒళ్ళు మండింది. మా తమ్ముడు హైదరాబాద్‌లో మంచి ఉద్యోగం చేస్తూ మూడేళ్ళు కొకైన్ పీల్చాడు. అమ్మ కాసుల పేరు తాకట్టు పెట్టాడు. నగ డబ్బా ఎత్తితే తేలిగ్గా ఉండి దొరికిపోతానని రూపాయి బిళ్ళలు గుడ్డలో మూటగట్టి అందులో పెట్టాడు. అంత బుర్ర పెట్టినవాడికి మెదడు చెడిందంటే నమ్మాలా? ఒకే తల్లి, ఒకే ఇల్లు. నాకు రాని రోగం వాడికెలా వచ్చింది?

సర్కిల్_సుబ్బు:
కొవ్వే. నా ఓటు.

నైట్‌డ్యూటీ_లత:
డీ-అడిక్షన్ వార్డులో ఆరేళ్ళుగా నర్సుని. పెద్దబ్బాయి గారూ, ఎత్తు వేయడం వేరు, ఆగడం వేరు. మెదడులో కోరికనీ హాయినీ నడిపే డోపమైన్ అనే రసాయనం విడుదలయ్యాక, దాన్ని కణాలు మళ్ళీ లోపలికి లాక్కుంటాయి. కొకైన్ ఆ దారిని మూసేస్తుంది, డోపమైన్ బయటే పోగుపడుతుంది. రోజూ అలా వరద వస్తుంటే దాన్ని అందుకునే డీ2 రిసెప్టర్లు తగ్గిపోతాయి. కొకైన్ వాడేవాళ్ళలో అవి తక్కువగా ఉన్నాయని అమెరికాలో నోరా వోల్కో అనే పరిశోధకురాలి బృందం పెట్ స్కాన్‌లలో (మెదడు పనితీరు చూపే స్కాన్) చూపించింది. అవి తగ్గినవాళ్ళలో నుదుటి వెనక భాగం కూడా మందగించి కనిపించింది. మంచీ చెడూ తూచి "వద్దు" అనాల్సింది ఆ భాగమే.

ఇక జీతం, బిర్యానీ, కన్నబిడ్డ నవ్వు, ఏవీ పెద్దగా రుచించవు. మత్తును గుర్తుచేసేది కనబడితే మాత్రం ప్రాణం లేచొస్తుంది. మా దగ్గర ఒకాయనకు ఏటీఎం కార్డు చూస్తే చాలు, అరచేతులు చెమట పట్టేవి. ఆ కార్డుతోనే పొడిని గీతలు గీసుకునేవాడు.

పాలకొల్లు_పెద్దబ్బాయి:
మేడమ్, బిళ్ళలు మూటగట్టింది రిసెప్టర్లా?

సర్కిల్_సుబ్బు:
హహ. దీనికి చెప్పండి సమాధానం.

తర్కం_తాతారావు:
స్కాన్ చూపిస్తే నోరు మూసుకోవాలా? అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో కార్ల్ హార్ట్ అనే ప్రొఫెసర్ ఉన్నాడు. క్రాక్ (పొగగా పీల్చే కొకైన్) వాడేవాళ్ళని ల్యాబ్‌లో పెట్టి, ఇంకో దమ్ము కావాలా, ఐదు డాలర్లు కావాలా అని అడిగాడు. చాలాసార్లు డబ్బే తీసుకున్నారు. ఐదు డాలర్లకు ఆగగలిగినవాడు తల్లి నగ కోసం ఆగలేడా?

నైట్‌డ్యూటీ_లత:
సగమే చెప్పారు. మోతాదు చిన్నదైతే డబ్బు తీసుకున్నారు, పెద్దదైతే ఎక్కువగా కొకైనే కోరుకున్నారు.

తర్కం_తాతారావు:
మోతాదు సంగతి నేనడగలేదు. ఐదు డాలర్లు తీసుకున్నారా లేదా?

నైట్‌డ్యూటీ_లత:
తీసుకున్నారండీ! కాదన్నానా? అమెరికాలోనే వెర్మాంట్‌లో స్టీఫెన్ హిగ్గిన్స్ అనే పరిశోధకుడు 1990లలో వైద్యమే దాని మీద కట్టాడు. మూత్ర పరీక్షలో కొకైన్ లేకపోతే అప్పటికప్పుడు ఒక వోచర్, వరసగా శుభ్రంగా వస్తుంటే విలువ పెరుగుతుంది. బాగా పనిచేసింది. "వద్దు" అనే ఆ బ్రేకు పూర్తిగా తెగలేదు, అరిగింది. పదేళ్ళ తర్వాత పోయే పరువు దాన్ని కదపలేదు. ఎదురుగా చేతిలో పడేది కొంత కదుపుతుంది.

విజయ్_కూకట్‌పల్లి:
ఇంత చర్చ దేనికి? పోలీసులకు పట్టిస్తే దిగుతుంది.

నైట్‌డ్యూటీ_లత:
మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ చూడండి. కొద్ది మోతాదుతో దొరికిన అలవాటుపడినవాడు తనంతట తాను వైద్యానికి వస్తే కేసు నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళు డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి.

పాలకొల్లు_పెద్దబ్బాయి:
వాడు మానేసి ఎనిమిది నెలలైంది. మీరంతా వాడి మెదడు గురించే మాట్లాడుతున్నారు.

నైట్‌డ్యూటీ_లత:
మానేశాడా! మరి ఇక్కడికొచ్చి ఈ గొడవేంటి? మీకు కావాల్సింది వాడు చెడ్డవాడని ఒక సర్టిఫికెట్టా?

పాలకొల్లు_పెద్దబ్బాయి:
అవును, అదే కావాలి! రోగం అన్న ఒక్క మాటతో వాడు చేసిందంతా మాఫీ అయిపోయింది. ఇంటికొస్తే అమ్మ ముందు వాడికే వడ్డిస్తుంది. "జ్వరం వచ్చి తగ్గిన బిడ్డరా" అంటుంది. జ్వరం వచ్చినవాడి మీద కోపం ఉంటే నేను రాక్షసుణ్ణి కదా. కోప్పడే హక్కు కూడా పోయిందా నాకు?

సందేహాల_రమణి:
అన్నయ్యా, ఇది మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే బాగుండేది కదా.

నైట్‌డ్యూటీ_లత:
తొందరపడ్డాను, క్షమించండి. కోపం మీది, దాన్ని ఏ స్కానూ తీసేయదు. ఒకే తల్లి అన్నారే, దానికి ఎవరం జవాబు చెప్పలేదు. కేంబ్రిడ్జ్‌లో కారెన్ ఎర్ష్ బృందం 2012లో అచ్చంగా ఇదే చూసింది. 50 జతల తోబుట్టువులు, ప్రతి జతలో ఒకరు కొకైన్ లాంటి ఉత్తేజకాలకు బానిస, రెండోవారికి ఆ అలవాటు లేదు. మొదలుపెట్టిన కదలికను చప్పున ఆపే పరీక్ష పెట్టారు. బయటివాళ్ళ కంటే ఇద్దరూ వెనకబడ్డారు. మెదడులో తేడాలు కూడా ఇద్దరిలో ఒకలాగే కనిపించాయి. అంటే మత్తుమందు అలవాటు కాకముందే ఆ బ్రేకు కొంత బలహీనం. చూశారా, వాడు కావాలని చేసింది కాదు.

పాలకొల్లు_పెద్దబ్బాయి:
మేడమ్, మళ్ళీ చదవండి. రెండోవాడిది కూడా అదే బ్రేకు, కానీ వాడు ఆగాడు. నేను మొదటి నుంచి మొత్తుకుంటున్నది అదే.

తర్కం_తాతారావు:
ఐదు డాలర్లు కూడా అదే చెబుతున్నాయి.

పాలకొల్లు_పెద్దబ్బాయి:
మీరుండండి సార్. 2019లో నేనూ ఆ ఫ్లాట్‌లో వాడితో ఉన్నాను. టేబుల్ మీద పెట్టారు, ఒక్కసారి చూడమన్నారు. లేచి బస్టాండ్‌కి వచ్చేశాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా ఎవరూ కళ్ళు తుడుచుకోరు.

సందేహాల_రమణి:
కాసుల పేరు ఏమైంది అన్నయ్యా?

పాలకొల్లు_పెద్దబ్బాయి:
విడిపించాను. పద్నాలుగు నెలలు కట్టాను. అమ్మకి మాత్రం వాడే విడిపించాడని చెప్పాను.