నిజాం సాగర్ కిందికి సేద్యానికి పోయిన మా తాత, జేజిల కాగితాలు: ఏం చేయమంటారు?

కందుకూరు టీచరమ్మ

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. ఇంట్లో పాత కాగితాల మీద నెల్లూరు జిల్లా అని ఉంటుంది, నా సర్టిఫికెట్ల మీద ప్రకాశం జిల్లా, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

మా తాత, జేజి (నాయన వాళ్ళమ్మ) 1934లో, పెళ్ళయిన కొత్తలో, నైజాంకి పోయారు. మా చేలన్నీ వానను నమ్ముకున్నవి: జొన్న, సజ్జ, వరిగ. మంజీర మీద నిజాం సాగర్ కట్టడం 1931లో పూర్తయింది, కాలవ కింద నల్లరేగడి చవగ్గా వస్తుందని ఎవరో చెప్పారట. సింగరాయకొండలో రైలెక్కి బెజవాడ, సికింద్రాబాదు మీదుగా నిజామాబాదులో దిగి, బోధన్, వర్ని మధ్య ఒక పల్లెలో కాపురం పెట్టారు. 1962లో ఆ భూమి అమ్ముకుని తిరిగొచ్చేశారు. కాబట్టి ఇది ఆస్తి తగాదా కాదు, కోర్టు కేసూ కాదు.

ఇప్పుడు పాత ఇల్లు పడగొడుతున్నాం. అటక మీద ఒక రేకుపెట్టె దొరికింది. అందులో ముద్రలున్న ఉర్దూ కాగితాలు, శిస్తు రసీదులు, జేజి వాళ్ళమ్మకు రాసిన కార్డుల కట్ట, ఒక పొడుగాటి పద్దుల పుస్తకం ఉన్నాయి. పుస్తకమంతా జేజి చేతిరాతే. తాతకు సంతకం తప్ప రాయడం రాదు. జేజి వీధిబడిలో చదువుకుంది.

మొదటి పేజీలో ఇక్కడి నుంచి తీసుకుపోయిన సామాను రాసుకుంది. ఇత్తడి బిందెలు రెండు, చింతపండు బుట్ట, గోంగూర విత్తనాలు, తడిగుడ్డలో చుట్టిన మునగ కొమ్మ. దాని కిందే ‘కరోడ్గిరీ వాళ్ళకు ఒకటిన్నర’ అని ఉంది. ఈ కరోడ్గిరీ వాళ్ళెవరో నాకు తెలియలేదు. ఆ తర్వాత పేజీల్లో ప్రతి అంకె పక్కనా ‘హా’ అనో ‘క’ అనో ఒక అక్షరం. నేను నెలవారీగా కూడి చూశాను, ఆమె రాసుకున్న మొత్తానికీ నా మొత్తానికీ ఎక్కడా పొంతన లేదు. జేజి తెలుగు సంవత్సరాలు వేసింది గనుక అవి తెలుస్తున్నాయి. రసీదుల మీద 1344, 1345 అని ఉన్న అంకెలే అంతుపట్టడం లేదు.

ధాత సంవత్సరం పుష్యమాసంలో, అంటే 1937 మొదట్లో, వరసగా నాలుగు రోజులు ‘చిన్నదానికి మందు’ అని ఉంది. ఐదో రోజు ‘గుడ్డ మూడు గజాలు’. ఆ మర్నాడు కలుపు కూలి. మా నాయనకన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టిందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పెద్దన్నయ్యేమో భూమే లేనప్పుడు కాగితాలెందుకు, తగలబెట్టమంటాడు. తమ్ముడికి కార్డుల మీది రాజుగారి తపాలా బిళ్ళలు కావాలి, వాటికి రేటు ఉందట. మరదలు ఆ ముద్రల కాగితం ఒకటి లామినేషన్ చేయించి హాల్లో పెడదామంటుంది. ముగ్గురికీ తలా కొన్ని పంచేస్తే గొడవ వదులుతుందని మా వారి సలహా. తెలిసినవాళ్ళు చెప్పండి.

బోధన్ పట్వారీ మనవడు

టీచరమ్మ గారూ, మీ లెక్క కుదరకపోవడానికి కారణం ఆ రెండక్షరాలే. ‘హా’ అంటే హాలీ, ‘క’ అంటే కల్దారు. నైజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ రూపాయిని మావాళ్ళు కల్దారు అనేవాళ్ళు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. మీరు రెండూ కలిపి కూడేసి ఉంటారు. విడదీసి చూడండి. కూలీ, శిస్తూ, కిరాణా హాలీల్లో ఉంటాయి, మీ ఊరికి పంపిన డబ్బు కల్దార్లలో ఉంటుంది. 1948 తర్వాత కూడా హాలీ కొన్నేళ్ళు నడిచింది, కాబట్టి ఆ పేజీల్లోనూ జాగ్రత్త.

కరోడ్గిరీ అంటే నిజాం గారి సుంకాల శాఖ. బ్రిటిష్ ఇలాకా నుంచి సామానుతో రాజ్యంలోకి వచ్చేవాళ్ళ మూటలు విప్పి చూసేది వాళ్ళే. బిందెలకు కట్టించుకున్నారో చింతపండుకో మరి, మునగ కొమ్మకైతే కాదని నా నమ్మకం.

రసీదుల మీదివి ఫసలీ సంవత్సరాలు, అంటే శిస్తు లెక్కకు వాడిన పంట సంవత్సరాలు. 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1344కి 1934 వస్తుంది. కానీ నిజాం ఫసలీ అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది, మీ మద్రాసు వైపు ఫసలీ జులైలో మొదలయ్యేది. అంకె ఒకటే అయినా మధ్యలో మూడు నెలల తేడా ఉంటుంది. మీ కరణం ఇచ్చిన కాగితాలు కూడా పెట్టెలో ఉంటే రెంటినీ కలిపి ఒకే వరసలో పేర్చకండి. బహ్మన్, ఫర్వర్దీ, ఖుర్దాద్, అమర్దాద్ అని కనిపిస్తే అవి నెలల పేర్లు. బహ్మన్ దాదాపు డిసెంబరు, అమర్దాద్ జూన్.

విస్తీర్ణం గుంటల్లో ఉంటుంది. నలభై గుంటలు ఒక ఎకరం, అంటే గుంటకు మీ లెక్కలో రెండున్నర సెంట్లు. ఉర్దూ చదివించాలంటే బడిలో చెప్పే ఉర్దూ సారు సరిపోకపోవచ్చు. ఆయన అచ్చు చదువుతారు గానీ దఫ్తర్లలో రాసింది శికస్తా, గొలుసుకట్టు రాత. పాత దస్తావేజులు చదివి అలవాటున్న పెద్దమనిషిని వెతకాలి. నిజామాబాదులో ఇంకా కొందరున్నారు.

పాత కాగితాల మనిషి

నేను గ్రంథాలయంలో పనిచేశాను, అందుకని కొంచెం గట్టిగా చెబుతున్నా. లామినేషన్ వద్దు. ఆ వేడికి సిరా మారుతుంది, ప్లాస్టిక్ జిగురు కాగితంలోకి దిగాక మళ్ళీ ఊడదీయలేం. సెల్లోటేపు కూడా వద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసేయండి. ఊదారంగు రాత ఉంటే అది కాపీయింగ్ పెన్సిల్, తడి తగిలితే అలికినట్టయిపోతుంది. తుడవకండి, తడిచేతితో ముట్టకండి. కిటికీ దగ్గర నీడలో, ఫ్లాష్ లేకుండా, రెండు వైపులా ఫోటోలు తీయండి. కార్డుకైతే చిరునామా వైపు ఇంకా ముఖ్యం.

తమ్ముడిగారికి చెప్పండి, బిళ్ళ ఊడదీస్తే పోస్టు ముద్ర సగం పోతుంది. తేదీ వేయని కార్డుకు కాలం తెలిసేది ఆ రెంటి వల్లే. ఐదో జార్జి 1936 జనవరిలో పోయాడు, ఆరో జార్జి బొమ్మ ఉంటే ఆ కార్డు అంతకన్నా తర్వాతిదే. నిజాంకు సొంత తపాలా ఉండేది గానీ దాని బిళ్ళలు రాజ్యం లోపలే చెల్లేవి. మీ ఊరికి చేరిన కార్డు మీద ఇండియా బిళ్ళే ఉంటుంది. అంటే మీ జేజి రాసిన ప్రతి కార్డూ బ్రిటిష్ పోస్టాఫీసు దాకా ఎవరో పోతేనే పడింది.

పంచుకోవడం అన్నిటికన్నా చెడ్డ సలహా, మీ వారు ఏమనుకున్నా సరే. కార్డులో ‘క్వినైను అయిపోయింది’ అని ఉంటే పద్దులో దాని ఖరీదు ఉంటుంది, రసీదులో ఆ ఏడాది శిస్తు ఉంటుంది. తలా ఒకటి పట్టుకుపోతే ఎవరి దగ్గరున్నది వాళ్ళకే అర్థం కాదు. ఏ కట్టలో ఏది ఉందో అలాగే ఉంచి పెన్సిలుతో వెనక సన్నగా నంబరు వేయండి.

ఒక్కటే కాపాడగలిగితే పద్దుల పుస్తకాన్ని కాపాడండి. పట్టాకు, సేత్వారుకు (సర్వే తర్వాత రాసిన మొదటి భూమి రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీకి (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన లెక్క) సర్కారు దగ్గర ప్రతులు ఉంటాయి. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు సర్కారు కాగితాలు ఉన్నాయి. గుడ్డ మూడు గజాల మాట మాత్రం లోకంలో ఇంకే కాగితంలోనూ లేదు. పాత కాగితం ఎలా దాస్తారో చూడాలంటే మీ వైపే, చీరాల దగ్గర, వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. 1918 నుంచీ పేపర్లు, పత్రికలు దాస్తున్నారు. ఒకసారి వెళ్ళిరండి.

వర్ని కుర్రోడు

పెద్దమ్మా, మాది ఆ పక్క ఊరే, కానీ మేం వలస వచ్చినోళ్ళం కాదు, మొదటి నుంచి ఉన్నోళ్ళం. మీవాళ్ళు ఖాళీ భూమికి వచ్చిన్రని అందరూ అంటుంటారు. ఖాళీ ఏం కాదు. ఎవరో అమ్మిన్రు, ఎవరో కౌలు వదులుకున్నరు, నాట్లేసినోళ్ళు మా ముత్తవ్వలే. మీ జేజి కూలి పద్దులో వాళ్ళ పేర్లు రాసిందా? మా ఇంట్ల రాసినోళ్ళు ఎవరూ లేరు, అందుకే అడుగుతున్న. అమ్మినోళ్ళ పేర్లు, సర్వే నంబర్లు మాత్రం ఇక్కడ పెట్టకండి, వాటి మీద ఇంకా తగాదాలున్నయి.

ఇంకొకటి. రజాకార్ల కాలంలో ఆంధ్రోళ్ళు చాలామంది వెళ్ళిపోయి మళ్ళీ వచ్చిన్రని మా తాత చెప్పేటోడు. ఆ రోజుల సంగతి ఏమన్నా ఉందా?

కందుకూరు టీచరమ్మ

చాలా సంతోషం అందరికీ. హాలీ, కల్దారు విడదీస్తే మూడు నెలల లెక్క అణా పైసలతో సహా కలిసింది. జేజి కూడిక తప్పలేదు.

బాబూ, కూలి పద్దులో పేర్లున్నాయి, ఆడవాళ్ళవే ఎక్కువ. కొందరికి పేరు లేదు, ఫలానా వాళ్ళ కోడలు అని ఉంది. ఆ పేజీల ఫోటోలు నీకు విడిగా పంపిస్తాను. 1948లో ‘పటేలింట్లో పెట్టిన సామాను’ అని ఒక జాబితా ఉంది. బిందెలు, నాగలి, వడ్లు తొమ్మిది బస్తాలు. తర్వాత పేజీలో మా ఊరి ఖర్చులు, జేజి కమ్మలు అమ్మిన డబ్బు. మళ్ళీ 1949లో అక్కడి పద్దు మొదలైంది. వెనక్కి అందిన సామాను ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంది. వడ్లకు టిక్కు లేదు.

అక్కడి సర్కారు బళ్ళో చదువు ఉర్దూలో కాబట్టి నాలుగిళ్ళవాళ్ళు కలిసి తెలుగు పంతుల్ని పెట్టుకున్నట్టున్నారు. ‘పంతులుకు మా వంతు’ అని నెలనెలా రెండు హాలీలు. మా నాయన చదువు ఆ డబ్బుతోనే మొదలై ఉంటుంది.

పంపకం మానేశాం. పెట్టె నా దగ్గరే ఉంటుంది. తమ్ముడు బిళ్ళలు వదులుకోనంటున్నాడు, కార్డులతో సహా ఫోటోలు ఇస్తానన్నా. మరదలికి హాల్లోకి ఒక కలర్ జిరాక్సు. పట్వారీ మనవడు గారూ, శికస్తా చదివే ఆ పెద్దమనిషి గురించి కొంచెం వాకబు చేసి పెట్టండి. సంక్రాంతి తర్వాత నిజామాబాదు రావాలని ఉంది.